తోడికోడళ్ళ నీలం

రోజు 212

ఇది గది పుస్తకం కాదు. గది పుస్తకంలో వేడి, బరువు, రంగు, మూత ఎన్నిసార్లు తీశామన్నది తప్ప ఇంకేమీ రాయకూడదు. నా కడుపుమంట ఎన్ని డిగ్రీలుందో రాసుకోవడానికి అందులో గడి లేదు. అందుకని పాత విత్తనాల పుస్తకంలో వెనక ఖాళీగా ఉన్న పేజీలు చింపి, కుట్టి, ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను.

నా పేరు మంగతాయారు. అడుగుపేటలో పెద్ద గది నాది. ఈ ఊళ్ళో ఆరువందల నలభై మందిమి నేల కింద బతుకుతున్నాం. మేం వదిలిన పాడుగాలిని తాగేది నీలం. దాన్ని పళ్ళాల్లో పరిచి గాలి గొట్టాల్లో పెడతారు. తాగినంత తాగాక వేడి చేస్తే పైన ఎర్రదుమ్ములోకి కక్కేస్తుంది, మళ్ళీ తాగుతుంది. మూడు నెలలకి అరిగిపోతుంది, కొత్తది పెంచి పెట్టాలి. ఇరవై మూడేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. మొదటి పన్నెండేళ్ళూ మా అత్తగారి కింద, తర్వాత పదకొండేళ్ళూ ఒక్కదాన్నే.

ఇవాళ తూకం. పెద్ద గది ముప్ఫై మూడు కిలోలు. చిన్న గది నలభై ఒకటి.

చిన్న గది నా తోడికోడలు హైమవతిది. మూడేళ్ళ కిందట మా మరిదిని చేసుకుని ఉత్తరపు ఊరి నుంచి వచ్చింది. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. గాలి అధికారి జోజిబాబు గారు దాని తొట్టిలో పెరిగిన నీలం పలక ఒకటి దీపానికి అడ్డంగా పట్టుకుని, "ఆయ్, ఈసారీ చిన్న గదిదేనండి పైచెయ్యి. చూడండి, మొహం చూసుకోవచ్చు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మా అత్తగారు రాజ్యలక్ష్మమ్మ గారు కర్ర మీద ఆనుకుని, "చిన్నదాని చెయ్యి మంచిది," అంది. ఇరవై మూడేళ్ళలో నా చెయ్యి గురించి ఆవిడ నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

హైమ నవ్వింది. కళ్ళు దించుకుని, ఎంతో వినయంగా. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా?

రోజు 213

గది పుస్తకంలో రాసింది: వేడి 61, రంగు నీలం, మూత రెండుసార్లు.

నిజం: మూత పద్దెనిమిది సార్లు. నా పలకలు దాని పలకలంత అయ్యాయేమోనని చూస్తూనే ఉన్నాను. కాలేదు.

రాత్రి భోజనం దగ్గర మా ఆయన సత్యం, "మరదలి నీలం పళ్ళెంలో పోస్తుంటే గాజుల్లా గలగలమంటుందే," అన్నాడు. పళ్ళాలు మార్చే పని ఆయనది. ఆ పూట ఆయనకి మారు వడ్డించలేదు.

రోజు 215

పొద్దున మడి గది దగ్గర హైమ ఎదురుపడింది. మడి అంటే దేవుడికి కాదు, తొట్టికి. గదిలోకి వెళ్ళేముందు గోళ్ళు కత్తిరించుకుని, స్నానం చేసి, జుట్టుకి గుడ్డ చుట్టుకుని, ఆ గదికే ఉన్న బట్టలు కట్టుకోవాలి. బయటికొచ్చేటప్పుడు మళ్ళీ స్నానం, మళ్ళీ వేరే బట్టలు. మొత్తం గంట పడుతుంది. ఒకరి గదిలోకి ఇంకొకరు పోకూడదు. ఈ మాటలు మా అత్తగారు నాకు పెళ్ళైన మూడో రోజే చెప్పింది.

"అక్కా, ఏమీ అనుకోకు," అంది హైమ. "నీ తొట్టిని కాస్త కుదురుగా ఉండనివ్వవూ? ఊరికే కెలికితే పలక సాగదు."

"నువ్వు గౌన్లేసుకునే రోజుల్నుంచీ ఈ తొట్టి ముందు కూర్చున్నానే. నాకు చెప్పొచ్చేవు!"

"అది కాదక్కా..."

"ఏది కాదు? వెళ్ళు, వెళ్ళు. నీ గాజులు గలగలమంటున్నాయట, వెళ్ళి విను."

పాపం, దానికి నా మాట అర్థం కాలేదు. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి గది తలుపు దాకా కూడా నిలవలేదు.

అసలు ఈ తొట్టి సంగతి బయటివాళ్ళకి తెలియదు. ఇనుము ఉప్పు కరిగించి వెచ్చగా ఉంచి, అందులో దారానికి ఒక చిన్న నీలం గింజ కట్టి వేలాడదీస్తాం. పాలకి తోడు పెట్టినట్టే. మేం ఆ గింజని తోడనే అంటాం. తోడు ఎలా ఉంటే తొట్టంతా అలాగే పేరుకుంటుంది. మా అత్తగారు ఇటుకలు పేర్చి చూపించి చెప్పేది. "ఇవే ఇటుకలే తల్లీ. మధ్యలో సందులు వదిలి పేరిస్తే గాలి ఆడే గోడ. దగ్గరగా దట్టించి పేరిస్తే చచ్చిన గోడ. ఇటుక మారదు, లెక్క మారదు, కట్టుబడి మారుతుంది."

మా నీలంలో ఇనుము రెండు రకాలు. రెండు ఎలక్ట్రాన్లు వదులుకున్నది ఒకటి, మూడు వదులుకున్నది ఇంకొకటి. ఆ తేడా ఒక్క ఎలక్ట్రాన్ ఈ ఇనుముకీ ఆ ఇనుముకీ మధ్య గెంతుతూ ఉంటుంది. ఎవరి సొంతమూ కాదు. ఆ గెంతడమే నీలం రంగు, దాని వల్లే సందులు తెరుచుకుని ఉంటాయి. కట్టుబడి మారిందా, ఆ ఎలక్ట్రాన్‌ని ఎవరో ఒకరు పట్టుకుని కూర్చుంటారు. రంగు పోతుంది, సందులు మూసుకుపోతాయి. అదే బూడిద. తూకం వేస్తే తేడా రాదు, రసాయన పరీక్షకీ తేడా రాదు. కంటికి కనిపిస్తుంది, ఊపిరికి తెలుస్తుంది, అంతే.

ఇంకో సంగతి. నీలం కంటే బూడిదకి నిలకడ ఎక్కువ. నీలం గట్టు మీద నిలబెట్టిన బిందె, బూడిద కిందికి దొర్లి ఆగిన బిందె. బూడిద దుమ్ము ఒక్క నలుసు పడితే తొట్టి మొత్తం అటే దొర్లుతుంది. ఆ గదిలో మళ్ళీ నీలం పుట్టదు. దిబ్బపాలెంలో అదే జరిగింది. చూసినావిడ దాచిపెట్టింది. ఇప్పుడు దిబ్బపాలెంలో ఎవరూ లేరు.

అప్పటి నుంచీ కట్టుబాటు ఒకటే. బూడిద నలుసు కనిపిస్తే గంట కొట్టాలి. ఆ గదిలో అడుగుపెట్టిన మనిషి అంటు. జన్మలో మళ్ళీ ఏ తొట్టి దగ్గరికీ వెళ్ళకూడదు.

రోజు 219

ఇవాళ నేను చేసిన పని గది పుస్తకంలో ఉండదు.

మధ్యాహ్నం హైమ పళ్ళాల అప్పగింతకి వెళ్ళింది. అరగంటలో వచ్చేస్తుంది. దాని కిటుకేమిటో చూడాలని నాకు వారం నుంచీ ఒకటే పురుగు. మడి మార్చుకుంటే గంట. అందుకని నా గది బట్టలతోనే, పదిహేను అడుగులు దాటి, చిన్న గదిలోకి దూరాను.

కిటుకేమీ లేదు. నా తొట్టి లాంటిదే తొట్టి, నా ఉప్పే, నా దారాలే. గోడకి దాని గది పుస్తకం వేలాడుతోంది. మూత ఒకటి. మూత సున్న. మూత ఒకటి. మూత సున్న. అబద్ధాలకోరు, నాలాగే రాస్తోందే అనుకున్నాను.

ఆ మూత ఎత్తాను. లోపల దారాలకి పలకలు వేలాడుతున్నాయి. ఏం చెప్పను? చూస్తే కళ్ళు చల్లబడాలి, నా కళ్ళు మండాయి. ఒక దారం చివర చిన్న గింజ తెంపి జుట్టు గుడ్డ మడతలో దోపుకుని వచ్చేశాను. యాభై రెండేళ్ళ వయసులో తోడు దొంగతనం!

రోజు 220

దాని తోడు నా తొట్టిలో వేశాను. మూత ఇరవైసార్లు తీశాను. గది పుస్తకంలో రెండు.

రోజు 223

తొట్టి లోపల, మూత ఆనే అంచు కింద, గోరు గీసినంత బూడిద.

ముందు నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అదన్నమాట సంగతి! అంత పెద్ద పలకలు, అంత మెరుపు, లోపల మాత్రం బూడిద పెట్టుకుని కూర్చుందన్నమాట మహాతల్లి! పరుగెత్తి గంట తాడు పట్టుకున్నాను. పట్టుకున్నాక తట్టింది. బూడిద ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని జోజిబాబు గారు అడిగితే ఏం చెప్పాలి? హైమ గింజ నా తొట్టిలోకి నడిచొచ్చిందని చెప్పాలా?

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తాడు వదిలేశాను. గది పుస్తకంలో రంగు నీలం అని రాశాను.

రోజు 224

పొద్దున భూతద్దం తీసుకుని ఆ మరకని చూశాను. పొరలు లెక్కపెట్టాను. రోజుకో పొర చొప్పున పదహారు పొరలు. నేను హైమ గింజ వేసి నాలుగు రోజులు.

మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి కూడా పదహారే.

మూత తీసినప్పుడల్లా చల్లగాలి తగిలేది ఆ అంచుకే. రెండుసార్లకి మించి తీస్తే అంచు చల్లబడుతుంది, చల్లబడిన చోట ఏ కట్టుబడి పుడుతుందో దేవుడికి కూడా తెలియదని మా అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. నేను తూకానికి ముందు నుంచీ రోజుకి పదిసార్లు, పదిహేనుసార్లు తీస్తూనే ఉన్నాను. ఎందుకు? హైమ పలకలంత అయ్యాయో లేదో చూడటానికి. బూడిద హైమది కాదు. నాది. నా కుళ్ళు నా తొట్టిలోనే పేరుకుంది. మరక ఇంకా ద్రావణానికి పైనే ఉంది గనక తొట్టి విరగలేదు గానీ, పదహారు రోజులు దాని కింద వేలాడిన నా గింజల్ని ఇక నమ్మలేం.

తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. రెండువందల పంతొమ్మిదిన నేను ఈ గది బట్టలతోనే దాని గదిలోకి వెళ్ళాను, దాని మూత ఎత్తాను. నలుసు పడకుండా ఉండే అవకాశం లేదు. నలుసు పడిన తొట్టి ఎనిమిది రోజులు ఏమీ చూపించదు. తర్వాత పాలు విరిగినట్టు ఒక్క పూటలో విరిగిపోతుంది. అంటే రెండువందల ఇరవై ఏడో రోజు.

ఈ లోపల హైమకి తెలిస్తే తన దారాలు పైకి తీసి, ఒక్కొక్క గింజనీ భూతద్దం కింద చూసి, నలుసు అంటనివి కడిగి, ఎండబెట్టి, సీసాలో మూసి బయటికి పంపెయ్యొచ్చు. రోజు గడిచేకొద్దీ అంటని గింజలు తగ్గిపోతాయి. ఇరవై ఏడు దాటితే అడుగుపేటలో నీలం తోడు ఒక్కటి కూడా మిగలదు. గాలి గొట్టాల దగ్గరున్న నిల్వ డెబ్భై మూడు రోజులకి. ఉత్తరపు ఊరి నుంచి బండి రావాలంటే నాలుగు నెలలు.

వెంటనే వెళ్ళి చెప్పాలి. చెప్తే ఇరవై మూడేళ్ళ తొట్టి పోతుంది. రేపు చెప్తాను.

రోజు 225

చెప్పలేదు.

చెబుదామనే బయల్దేరాను. సభ గదిలో జనం. జోజిబాబు గారు నన్ను చూసి, "రండి, మీకోసమే చూస్తున్నామండి," అని పక్కన కూర్చోబెట్టారు. మా అత్తగారు లేచింది. వచ్చే ఏడాది నుంచి పెద్ద గది కూడా హైమ అజమాయిషీలోకి వెళ్తుందట. నేను దాని కింద సాయంగా ఉంటానట. "పెద్దది అలిసిపోయిందిలెండి," అంది మా అత్తగారు అందరికీ వినబడేలా.

హైమ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నీకిష్టమైతేనే," అంది. నేనూ దాని చెయ్యి పట్టుకుని నవ్వాను. మనసులో ఏమనుకున్నానో ఇక్కడ రాసి తీరాలి, లేకపోతే ఈ పుస్తకం ఎందుకు? "ఇరవై ఏడున విరిగిపోతుందిలే నీ తొట్టి. అప్పుడు చూస్తాను నీ అజమాయిషీ. ఎవరి గదిలో ముందు కనిపిస్తే వాళ్ళదే తప్పంటారు. నా మరక మూత కింద ఉంది, ఎవరికీ కనబడదు."

ఇంటికొచ్చి శుభ్రంగా అన్నం తిన్నాను. అది కూడా రాస్తున్నాను.

రోజు 226

పొద్దున మా ఆయన పనికి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటూ, "ఈ నెల పిల్లల బడి గొట్టానికి ఎవరి నీలం పెట్టమంటావే? నీదా, మరదలిదా?" అన్నాడు. నన్ను మంచి చేసుకుందామని అడిగాడు, అంతే. నాది పెట్టమంటాననుకున్నాడు.

నాది అంటే, ఇవాళో రేపో బూడిదయ్యే నీలం పిల్లల నెత్తి మీద పెట్టమన్నట్టు. మరదలిది అంటే, అదీ అంతే. ఎవరిదీ వద్దు అనాలి. అది అన్నాక మిగతాదంతా చెప్పాలి.

"ఏంటే, పలకవు?"

"పాతదే ఉంచు," అన్నాను. "మార్చకు. నేను హైమ దగ్గరికెళ్ళాలి."

"పోట్లాటకా?"

"కాదు. ఈసారి అదే నన్ను తిడుతుంది."

చిన్న గది తలుపు పక్కన మాటల గొట్టం ఉంటుంది. అందులో నోరు పెట్టి, "హైమా, మూత వేసెయ్యి. చేతులు కడుక్కో. నేను చెప్పేది పూర్తిగా విను, తర్వాత తిట్టుకో," అన్నాను.

"ఏంటక్కా, కంగారు పెడుతున్నావు?"

"నా తొట్టిలో బూడిద పుట్టింది. పంతొమ్మిదిన నువ్వు లేనప్పుడు నీ గదిలోకొచ్చాను. నా గది బట్టలతోనే. నీ మూత ఎత్తాను."

గొట్టంలో మూత వేసిన చప్పుడు వినబడింది.

"ఎందుకొచ్చావు?"

"నీ తోడు దొంగిలించడానికి."

"అడిగితే ఇవ్వనా?"

"అడగాలంటేనే కదే నా ప్రాణం పోయింది!"

"బూడిదని నీకెప్పుడు తెలిసింది?"

ఈ పొద్దునే అని చెప్పొచ్చు. నాలిక చివరి దాకా వచ్చింది.

"మూడు రోజులైంది."

"మూడు రోజులు," అంది. "నిన్న సభలో నా పక్కన కూర్చున్నావు. నా చెయ్యి పట్టుకున్నావు."

"పట్టుకున్నాను."

"నీకు మనసనేది ఉందా అక్కా?"

"ఉంది. దాన్నిండా నీ మీద ఏడుపే ఉంది. ఇప్పుడు నన్ను తిడుతూ కూర్చుంటే రేపటికి నీ తొట్టి కూడా పోతుంది. దారాలు తియ్యి ముందు."

అది వెంటనే గంట కొట్టింది. ఊరంతటికీ వినిపించే ఆ గంట నా ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ మోగలేదు. నేను తలుపు బయట నేల మీద కూర్చున్నాను. జోజిబాబు గారు వచ్చారు, మా మరిది వచ్చాడు, మా ఆయన వచ్చాడు. అందరికీ నా నోటితో నేనే చెప్పాను. మా మరిది నా మీదికి రాబోతే మా ఆయన అడ్డం నిలబడ్డాడు, కానీ నా మొహం చూడలేదు.

లోపల హైమ ఆరుగంటలు ఒక్కతే పనిచేసింది. మూడు వందల గింజలు. ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పి, చల్లటి ద్రావణంలో మూడుసార్లు కడిగి. చివరికి గోడలో ఉన్న రెండు తలుపుల అరలోంచి సీసా ఒకటి బయటికి పంపింది.

"తొమ్మిది," అంది గొట్టంలో. "మొన్న చెప్పుంటే వంద వచ్చేవి."

"నీ చేతికి తొమ్మిది చాలే," అన్నాను. ఎప్పుడూ దాన్ని మెచ్చుకోని దాన్ని, అప్పుడు నోరు జారి మెచ్చుకున్నాను. "కొత్త గది తవ్వించి ఇస్తారు. నువ్వు..."

"నేనెక్కడ? ఏడు రోజులుగా ఈ గదిలోనే ఉన్నాను కదా. నేనూ అంటునే. నాకు ముప్ఫై నాలుగేళ్ళక్కా."

ఆ మూడు రోజుల్లో ఎన్ని ఆలోచించానో! నా పరువు, నా తొట్టి, దాని అజమాయిషీ, ఊరి గాలి, అన్నీ ఆలోచించాను. ఈ ఒక్కటి తట్టలేదు. దాని తొట్టి పోవాలని కదా కోరుకున్నాను. పోయింది. నాకు ఏ సంతోషమూ లేదు. ఆ నేల మీదే ఏడ్చాను. మా ఆయన వచ్చి లేవదీసేదాకా ఏడ్చాను.

రోజు 227

పొద్దున ఎనిమిదింటికి చిన్న గది తొట్టి విరిగింది. కిటికీ అద్దంలోంచి అందరం చూశాం. నీలం అడుగు నుంచి పైకి బూడిదైపోయింది. అరగంట కూడా పట్టలేదు.

ఈ పుస్తకం సభలో చదివారు. నేనే ఇచ్చాను. కడుపుమంట దగ్గర జనం నవ్వారు. చెయ్యి పట్టుకున్న చోటికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. జోజిబాబు గారు చదవడం ఆపి కళ్ళజోడు తుడుచుకున్నారు. శిక్ష కొత్తగా వెయ్యలేదు, కట్టుబాటే పెద్ద శిక్షన్నారు. పుస్తకం తిరిగిచ్చి, "రాస్తూనే ఉండండమ్మా. తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందండి," అన్నారు.

తొమ్మిది గింజలు ఎవరి చేతికివ్వాలి? తొట్టి పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురమే. ఇద్దరం అంటు. మా అత్తగారు పదకొండేళ్ళుగా ఏ గది గడపా తొక్కలేదు. డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు వంగవు.

ఆవిడ మా ఇద్దరి వైపూ చూసి, "ముసలితనంలో మళ్ళీ నన్ను తొట్టెక్కించారు కదే ఇద్దరూ కలిసి!" అంది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా, "అలిసిపోయిందని నలుగురిలో అనకుండా ఉండాల్సింది," అంది. అది క్షమాపణో కాదో నాకు తెలియలేదు. రేపటి నుంచి ఇరవై ఒక్క రోజులు ఆవిడకి ఒంటరి మడి.

రోజు 240

మమ్మల్ని గోంగూర అరల పనిలో వేశారు. దీపాల కింద ఎడమ వరస నాది, కుడి వరస హైమది. పదమూడు రోజులుగా అది నాతో మాట్లాడదు. నీళ్ళ డబ్బా కావాలంటే నా వైపు చూడకుండా చెయ్యి చాపుతుంది. నేను ఇస్తాను. క్షమించమని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి తలెత్తి, "అడక్కు. వస్తే అదే వస్తుంది," అంది. అప్పటి నుంచి అడగడం మానేశాను.

దాని వరసలో గోంగూర నా వరస కంటే ఏపుగా ఉంది. ఛీ, నా బుద్ధి!

రోజు 251

అత్తగారు కొత్త గదిలోకి వెళ్ళింది. తొమ్మిది దారాలు కట్టింది. నిల్వ ఇంకా నలభై ఆరు రోజులకి. బడి గొట్టంలో పాత నీలం అరిగిపోయి పిల్లలు మధ్యాహ్నానికే తలనొప్పి అంటున్నారట. మా ఆయన చెప్పి ఊరుకున్నాడు. ఊరుకోకుండా నాలుగు తిట్టినా బాగుండేది.

రోజు 262

తొమ్మిదిలో మూడు దారాలు తెగిపోయాయి. అత్తగారి చేతులు వణుకుతాయి. మాటల గొట్టంలో నేను ముడి ఎలా వెయ్యాలో చెప్పబోతే, "నాకే చెప్తావే?" అని కసిరింది. ఆవిడ నేర్పిన ముడే అది.

హైమ రాత్రి అన్నం తినలేదని మా మరిది చెప్పాడు. నేనూ తినలేదు.

రోజు 274

ఇవాళ మొదటి తూకం. ఊరంతా కొత్త గది అద్దం ముందే ఉంది. నిల్వ ఇంకా ఇరవై మూడు రోజులకి. పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడ్డారు. నేను ఒక మూల నిలబడ్డాను. కాసేపటికి హైమ వచ్చి నా పక్కన నిలబడింది. ఇంకెక్కడా చోటు లేక అనుకున్నాను.

లోపల మా అత్తగారు పలకలు తక్కెడలో పోసింది. పందొమ్మిది కిలోలు. అన్నీ నీలమే. ఒక్క నలుసు బూడిద లేదు. జోజిబాబు గారు అంకె గట్టిగా చదవగానే జనం అరిచిన అరుపుకి అద్దం అదిరింది. పందొమ్మిది కిలోలు ముందు బడికీ, ఆసుపత్రికీ చాలు. పైగా ఇప్పుడు తోడుకి కరువు లేదు, వచ్చే తూకానికి ఊరు గట్టెక్కుతుంది. మా ఆయన జనంలోంచి నా వైపు చూశాడు. నలభై ఎనిమిది రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అత్తగారు అన్నిట్లోకీ పెద్ద పలక ఏరి, అద్దానికి ఆనించి, మా ఇద్దరికీ చూపిస్తూ బోసినోటితో నవ్వింది. ఏమిటా గర్వం! చిన్నదాని చెయ్యీ కాదు, పెద్దదాని చెయ్యీ కాదు, నా చెయ్యే చెయ్యి అన్నట్టుంది.

హైమ ఆ పలక వైపే చూస్తోంది. తల తిప్పకుండా, పెదవులు కదిపీ కదపకుండా అంది.

"అంచులు చూసేవా?"

నాతోనే మాట్లాడుతోందా అని అటూ ఇటూ చూశాను. పక్కన ఇంకెవరూ లేరు.

"చూశాను," అన్నాను. "చీకి పారేసిన తాటిటెంకలా ఉన్నాయి."

"రంగు కూడా పలచనే."

"మరీ పలచన."

"నేనైతే ఇది తూకానికే పంపనక్కా."

"నేనూ పంపను."

అత్తగారు అద్దం అవతల పలక పట్టుకునే కళ్ళు చిట్లించింది. ఏంటే ఆ గుసగుసలు అని చేత్తో అడిగింది. ఏమీ లేదత్తయ్యా, చాలా బాగుందని ఇద్దరం ఒకేసారి తలూపాం.